వెంట్లలోంచి వాసన: అమెరికా ఇళ్ళలో వాతావరణాన్ని, కట్టుబడిని బట్టి మూలం పట్టుకునే పద్ధతి

ఏసీ వేయగానే వెంట్‌లోంచి ముక్కిన బియ్యం వాసన వస్తే చాలామంది మొదట డక్టులు (ఇంట్లో గాలిని మోసే గొట్టాలు) శుభ్రం చేసేవాళ్ళకి ఫోన్ చేస్తారు. వాళ్ళొచ్చి దుమ్ము లాగి, సువాసన మందేదో కొట్టి వెళ్తారు. పది రోజులు బాగుంటుంది. ఆ తర్వాత మళ్ళీ అదే వాసన. ఎందుకంటే డక్టు చాలాసార్లు వాసనను మోసుకొస్తుందంతే, అది పుట్టేది వేరే చోట. ఎక్కడో నీరు నిలుస్తోంది, లేదా ఎక్కడినుంచో పాడు గాలి లోపలికి లాగబడుతోంది. ఈ రెండిట్లో మీ ఇంట్లో ఏది జరుగుతోందన్నది మీ ఊరి వాతావరణం, మీ ఇల్లు కట్టిన తీరు చాలావరకు ముందే చెప్పేస్తాయి. హ్యూస్టన్‌లో అటిక్ (పైకప్పు కింది ఖాళీ) నిండా డక్టులున్న ఇంటి జబ్బు వేరు, న్యూజెర్సీలో బేస్‌మెంట్ ఉన్న ఇంటి జబ్బు వేరు.

ముందు ప్రమాదం సంగతి

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది గ్యాస్ లీక్ కావచ్చు. సహజవాయువుకి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియాలని గంధకపు మందు కలుపుతారు. లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, బయటినుంచే గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. కాలిన ప్లాస్టిక్ వాసన గానీ, వంట లేని వేళ ఘాటైన నీచు వాసన గానీ వస్తే బ్లోవర్ (గాలి తోసే ఫ్యాన్) మోటారో వైరింగో వేడెక్కుతూ ఉండొచ్చు. థర్మోస్టాట్ ఆపితే చాలదు, బ్రేకర్ దించేయండి. శీతాకాలంలో మొదటిసారి హీటర్ వేసినప్పుడు వచ్చే మాడు వాసనకు మాత్రం భయపడక్కర్లేదు. వేసవంతా పేరుకున్న దుమ్ము కాలి, కొన్ని గంటల్లో పోతుంది. మరుసటి రోజూ వస్తుంటే చూపించాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు కాబట్టి ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా డిటెక్టర్ ఉండి తీరాలి.

నీరు ఎందుకు చేరుతుంది

చల్లని మజ్జిగ గ్లాసు బల్లమీద పెడితే బయట చెమర్చినట్టే ఇంట్లోనూ జరుగుతుంది. గాలిలోని తేమ ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. ఇంట్లో 75 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 50 శాతం ఉంటే డ్యూ పాయింట్ సుమారు 55 డిగ్రీలు. తేమ 60 శాతానికి పెరిగితే అది 60 డిగ్రీలు. వెంట్‌లోంచి వచ్చే చల్లగాలి దాదాపు 55 డిగ్రీలు ఉంటుంది. కాబట్టి ఇంట్లో తేమ 50 శాతం దగ్గరుంటే వెంట్ జాలీ పొడిగా ఉంటుంది, 60 దాటితే చెమర్చడం మొదలవుతుంది. హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్ లాంటి చోట్ల జూలైలో బయటి డ్యూ పాయింటే 75 దగ్గర ఉంటుంది. ఆ గాలి అటిక్‌లో 55 డిగ్రీల డక్టుని ఎక్కడ తాకినా అక్కడ నీరే. ఆ నీటికి దుమ్ము, కాగితం, చెక్క తోడైతే బూజు పట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మొదటి అడుగు: వాసన ఎప్పుడు వస్తోందో రాసుకోండి

మూడు నాలుగు రోజులు కాగితం పెట్టుకుని టైము, అప్పుడు ఏం నడుస్తోంది, ఏ గది, ఎలాంటి వాసన అన్నవి రాయండి. టెక్నీషియన్ గంటసేపు వెతికేదాన్ని ఈ కాగితం ఐదు నిమిషాల్లో తేలుస్తుంది.

ఏసీ మొదలైన మొదటి రెండు మూడు నిమిషాలే వచ్చి తగ్గిపోయే తడి బట్టల వాసన కాయిల్‌ది, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టది. ఏసీ నడుస్తున్నంతసేపూ వచ్చేది రిటర్న్ (ఇంటి గాలిని ఏసీకి వెనక్కి లాగే దారి) వైపు లీకుది. ఒక్క గదిలోనే వస్తే ఆ గదికి వెళ్ళే డక్టు గానీ, వెంట్ వెనక ఉండే రేకు డబ్బా గానీ తడిసింది. హీట్ పంప్ (చల్లదనం, వేడి రెండూ ఇచ్చే యంత్రం) ఉన్న ఇళ్ళలో వసంతం, శరదృతువుల్లో హీటింగుకి మారగానే ఉతకని సాక్సుల వాసన వస్తే అది కాయిల్ మీది బ్యాక్టీరియా పొర. వాన పడ్డ మర్నాడు మట్టి, చెమ్మ వాసన వస్తే క్రాల్ స్పేస్ (ఇంటి కింది ఖాళీ జాగా) గానీ, నేల కింది డక్టులు గానీ చూడాలి. మురుగు కంపు అయితే ఎక్కడో ట్రాప్ (గొట్టంలో నీరు నిలిచే వంపు) ఎండిపోయింది. ఒక్కసారిగా మొదలై రోజురోజుకీ పెరిగి, కొన్ని వారాలకి తగ్గిపోయే కంపు ఎలుకో ఉడుతో చచ్చిందని అర్థం.

రెండో అడుగు: కొలవండి

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు మూడు కొనండి. ఒకటి థర్మోస్టాట్ దగ్గర, ఒకటి వాసన ఎక్కువున్న గదిలో, ఒకటి బేస్‌మెంట్‌లోనో క్రాల్ స్పేస్‌లోనో పెట్టండి. ముందు మూడూ పక్కపక్కన ఒక పూట ఉంచి తేడా ఎంతుందో రాసుకోండి, చవక మీటర్లు నాలుగైదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. ఇంట్లో 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. రోజుల తరబడి 60 దాటి ఉంటే ఏం శుభ్రం చేసినా వాసన తిరిగొస్తుంది.

ఇంకొకటి కూడా చూడండి. ఏసీ పావుగంట నడిచాక రిటర్న్ దగ్గరి గాలికీ, ఎయిర్ హ్యాండ్లర్‌కి (కాయిల్, ఫ్యాన్ ఉండే ఇంటి లోపలి యంత్రం) దగ్గరున్న వెంట్ గాలికీ ఉష్ణోగ్రత తేడా ఎంతుందో చూడండి. అది 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ ఎక్కువుంటే గాలి ప్రవాహం తక్కువని అర్థం: ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా కాయిల్ మురికిపట్టింది.

అసలైన పరికరం మీ పూజగదిలోనే ఉంది. వెలిగించిన అగరుబత్తి పొగ, గాలి ఎటు లాగుతోందో ఏ మీటరుకన్నా స్పష్టంగా చూపిస్తుంది. ఫ్యాన్ నడుస్తుండగా రిటర్న్ జాలీ అంచులు, ఫర్నేసు గదిలో డక్టు అతుకులు, అటిక్ మూత, బాత్రూమ్ నేల జాలీల దగ్గర పట్టుకుని చూడండి. పొగ సందులోకి దూరితే అక్కడ లాగుతోంది, ఎదురొస్తే నెడుతోంది. అటిక్‌లో మాత్రం నిప్పు తీసుకెళ్ళకండి. ఇన్సులేషన్ మీది కాగితం అంటుకుంటుంది.

మూడో అడుగు: నీరు పోయే గొట్టం, ట్రాప్

తేమ ఎక్కువున్న ఊళ్ళో మూడు టన్నుల ఏసీ రోజుకి 5 నుంచి 20 గ్యాలన్ల దాకా నీరు కారుస్తుంది. అంతా ముప్పావు అంగుళం పీవీసీ గొట్టంలోంచే పోవాలి. లోపల జిగట పేరుకుంటే నీరు కాయిల్ కింది పాన్‌లో నిలుస్తుంది. ఆ నిలవ నీటి మీదుగా వచ్చే గాలినే మనం పీలుస్తాం.

ముందు బ్రేకర్ దించండి. బయట గొట్టం చివర వెట్ వ్యాక్యూమ్ పెట్టి, చుట్టూ తడిగుడ్డ బిగించి రెండు మూడు నిమిషాలు లాగండి. తర్వాత ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర ఇంగ్లీషు 'T' ఆకారపు అతుకు మీదున్న మూత తీసి, అర లీటరు గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోయండి. బయట అంతే వేగంగా కారాలి. ఏసీ వాడే నెలల్లో నెలకోసారి పావు కప్పు తెల్ల వెనిగర్ పోస్తే జిగట మళ్ళీ పట్టదు. బ్లీచ్ వద్దు. అది లోహాన్ని తింటుంది, దాని ఆవిరి ఇంట్లోకే వస్తుంది, వెనిగర్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు ట్రాప్. గొట్టంలో యూ ఆకారపు వంపు అది. అందులో నిలిచే నీరే గాలికి అడ్డుగోడ. ఎలక్ట్రిక్ ఎయిర్ హ్యాండ్లర్‌లో, హీట్ పంప్‌లో కాయిల్ సాధారణంగా బ్లోవర్‌కి ముందు ఉంటుంది కాబట్టి అక్కడ లాగుడు ఉంటుంది. ట్రాప్ ఎండితే గొట్టం అవతల ఏముంటే అది ఇంట్లోకి వస్తుంది. గ్యాస్ ఫర్నేసులో కాయిల్ బ్లోవర్ తర్వాత వస్తుంది, అక్కడ గాలి బయటికి తోస్తుంది. అందుకే ఒకే రకం ట్రాప్ ఎండిపోయినా ఒక ఇంట్లో కంపు కొడుతుంది, పక్కింట్లో కొట్టదు. లాగుడున్న చోట ట్రాప్‌కి ముందున్న మూత బిగించే ఉండాలి, గాలి రంధ్రం ట్రాప్ తర్వాతే ఉండాలి. వంపు లోతు రెండు మూడు అంగుళాలకి తగ్గితే నీరు నిలవదు.

టెక్సాస్‌లో చాలా ఇళ్ళలో ఈ గొట్టాన్ని బాత్రూమ్ సింకు కింద కలుపుతారు. అది సింకు ట్రాప్‌కి పైనే కలవాలి. కింద కలిపితే మురుగు గాలికి నేరుగా దారి ఇచ్చినట్టే. సరిగా కలిపినా, అది ఎవరూ వాడని గెస్ట్ బాత్రూమ్ అయితే శీతాకాలంలో ఏసీ నీరు రాక ఆ ట్రాప్ ఎండిపోతుంది. నెలకోసారి ఓ చెంబు నీళ్ళు పోస్తే చాలు. దీనికోసం వందల డాలర్లు ఖర్చుపెట్టిన ఇళ్ళున్నాయి కాబట్టి ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

నాలుగో అడుగు: కాయిల్

పవర్ పూర్తిగా ఆపి, తలుపు రేకు తీసి, టార్చితో గాలి వచ్చి తగిలే వైపు చూడండి. ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఉండే కాయిల్‌కి ఆ వైపు లోపల ఉంటుంది, బయటినుంచి చూస్తే శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది. బూడిదరంగు పొర, నల్ల మచ్చలు ఉంటే మెత్తని బ్రష్‌తో రేకుల వాలునే పైనుంచి కిందికి దుమ్ము తీసి, కడగక్కర్లేని ఫోమ్ క్లీనర్ కొట్టి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, కూలింగ్ వేయండి. కారే నీరే దాన్ని కడిగేస్తుంది. రేకులు అడ్డంగా గీరితే వంగిపోతాయి. కాయిల్ పెట్టెకి తలుపు లేకపోతే మీరు కోయకండి, టెక్నీషియన్‌ని పిలిచి రెండు వైపులా ఫోటో తీసి చూపించమనండి.

బ్లోవర్ పెట్టె లోపల అతికించిన ఫైబర్‌గ్లాస్ నల్లబడి తడిగా ఉంటే అది కడగడానికి లొంగదు, మార్చాల్సిందే. సాక్సు వాసన మళ్ళీ మళ్ళీ వచ్చే హీట్ పంప్‌కి కాయిల్ కడిగాక, కాయిల్ వైపు తిప్పిన యూవీ దీపం పనిచేస్తుంది. మురికి కాయిల్ మీద దీపం పెడితే మురికి మురికిగానే ఉంటుంది.

అన్నిటికన్నా చవకైన మరమ్మతు ఒకటుంది. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఆన్‌లో ఉంటే ఆటోకి మార్చండి. ఆన్‌లో ఉంటే కంప్రెసర్ ఆగాక కూడా గాలి ఆడి, కాయిల్ మీద పట్టిన నీరంతా మళ్ళీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది.

ఐదో అడుగు: రిటర్న్ వైపు సందులు

సప్లై (చల్లగాలిని గదులకి పంపే) వైపు లీకైతే కరెంటు వృథా అవుతుంది, రిటర్న్ వైపు లీకైతే వాసన వస్తుంది. మూడు టన్నుల సిస్టమ్ నిమిషానికి దాదాపు 1200 ఘనపుటడుగుల గాలి లాగుతుంది. అందులో పదోవంతు లీకైనా 120 ఘనపుటడుగుల అటిక్ గాలి, అంటే ఎలుకల పెంటికలు, పాత ఇన్సులేషన్, 130 డిగ్రీల వేడి, తేమ, ప్రతి నిమిషం మీ ఇంట్లోకి వస్తున్నట్టు.

హాల్లో పెద్ద రిటర్న్ జాలీ తెరిచి, ఫిల్టర్ తీసి, తల లోపల పెట్టి టార్చి వేయండి. ఎయిర్ హ్యాండ్లర్‌ని చెక్క పెట్టె మీద నిలబెట్టిన ఇళ్ళలో ఆ పెట్టె లోపలే రిటర్న్. చాలాచోట్ల లోపల పచ్చి చెక్క, కోసి వదిలేసిన జిప్సం బోర్డు, గోడ సందుల్లోకి నోళ్ళు కనిపిస్తాయి. ఆ గోడ సందు అటిక్ దాకా వెళ్తుంది, ఒక్కోసారి గ్యారేజీ దాకా. కారు పొగ, పెట్రోలు, పెయింట్ వాసనలు ఇంట్లోకి వచ్చేది ఈ దారినే. గ్యారేజీలోనే ఎయిర్ హ్యాండ్లర్ ఉంటే దాని ప్రతి అతుకూ మూసి తీరాలి.

మూయడానికి కావలసింది డక్ట్ మాస్టిక్ (అతుకులు మూసే చిక్కని పూత), ఒక గ్యాలన్ డబ్బా. పాత బ్రష్‌తో రెండు మిల్లీమీటర్ల మందాన పూయండి. పావు అంగుళం కన్నా పెద్ద సందైతే ముందు ఫైబర్‌గ్లాస్ జాలీ అతికించి దానిమీద పూయాలి. పెద్ద నోళ్ళకి రేకు లేదా గట్టి బోర్డు ముక్క బిగించి అంచులు మూయాలి. ఆరడానికి ఒక రోజు పడుతుంది. గుడ్డతో చేసిన మామూలు డక్ట్ టేపు డక్టులకి పనికిరాదు. లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ 1998లో వెల్లడించిన పరీక్షల్లో వేడికి దాని జిగురు ఊడిపోయింది. టేపే వాడాలనుకుంటే యూఎల్ 181 అని ముద్రించిన అల్యూమినియం టేపు తీసుకుని, దుమ్ము నూనె తుడిచాకే అతికించండి.

పడకగదుల తలుపుల సంగతి కూడా ఇక్కడే. రిటర్న్ ఒక్క హాల్లోనే ఉండి రాత్రి అన్ని తలుపులూ వేస్తే గదుల్లోకి వెళ్ళిన గాలి వెనక్కి రాలేదు. హాల్లో లాగుడు పెరిగి అటిక్ మూత, లైటు కన్నాలు, ఎండిన ట్రాప్‌ల నుంచి గాలి వస్తుంది. రాత్రిళ్ళే వాసన ఎక్కువైతే ఒక రోజు తలుపులు తెరిచి పడుకుని చూడండి. తేడా తెలిస్తే తలుపు పైన గాలి మళ్ళే జాలీ గానీ, సీలింగులో రెండు గదుల్ని కలిపే డక్టు గానీ పెట్టించాలి.

చేతికందని లీకుల్ని కొలవడానికి 25 పాస్కల్స్ పీడనం దగ్గర చేసే డక్ట్ లీకేజ్ పరీక్ష ఉంది. ఇటీవలి ఎనర్జీ కోడ్‌లు (ఇంధనం ఆదాకి పెట్టే కట్టడ నియమాలు) కొత్త ఇళ్ళకి ప్రతి 100 చదరపుటడుగులకి 4 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) దగ్గర హద్దు పెట్టాయి. మీ ఇల్లు దానికి ఎంత దూరంలో ఉందో అంకెలో తెలుస్తుంది.

కట్టుబడిని బట్టి

*అటిక్‌లో డక్టులు (హ్యూస్టన్, డల్లస్, ఆస్టిన్, టాంపా).* ఫ్లెక్స్ (వంగే) డక్టుల మీద ఇన్సులేషన్ కవరు చిరిగిన చోట, రెండు డక్టులు ఒకదానికొకటి ఆనుకున్న చోట, వెంట్ వెనక రేకు డబ్బా ఇన్సులేషన్ లేకుండా ఉన్న చోట నీరు కడుతుంది. పాత ఇళ్ళలో డక్టు ఇన్సులేషన్ ఆర్-6 (వేడిని అడ్డుకునే శక్తికి అంకె) లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది, ఇప్పుడు అటిక్‌కి ఆర్-8 అడుగుతున్నారు. డక్టుల మధ్య కనీసం ఒక అంగుళం ఎడం పెట్టండి. నాలుగైదు అడుగులకొక పట్టీ, అంగుళంన్నర వెడల్పుది, వేసి వేలాడదీయండి. అడుగుకి అర అంగుళం మించి కుంగకూడదు. కుంగిన చోటే తడి, దుమ్ము రెండూ చేరతాయి. వెంట్ జాలీ చుట్టూ సీలింగు మీద నల్లటి వలయం కనిపిస్తే జాలీ విప్పి, రేకు డబ్బాకీ జిప్సం బోర్డుకీ మధ్య సందు మాస్టిక్‌తో మూయండి. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అటిక్‌లోనే వదిలేసి ఉందేమో కూడా చూడండి. స్నానం ఆవిరి మొత్తం అక్కడికే వెళ్తుంటే ఎంత మూసినా లాభం లేదు.

ఇక ఏసీ సైజు. ఎక్కువ టన్నులు పెడితే మంచిదనే నమ్మకం మనవాళ్ళలో గట్టిగా ఉంది, తడి ఊళ్ళలో అది తప్పు. పెద్ద ఏసీ ఏడెనిమిది నిమిషాల్లో గది చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ మీద నీరు పట్టి పాన్‌లోకి కారడానికే కొంతసేపు కావాలి, ఆ టైము దానికి దొరకదు. ఇల్లు చల్లగా, తేమగా తయారవుతుంది. ఏసీ మార్చేటప్పుడు మాన్యువల్ జే లెక్క (ఇంటికి ఎంత ఏసీ కావాలో తేల్చేది) కాగితం మీద ఇవ్వమని అడగండి, చదరపుటడుగులు చూసి టన్నులు చెప్పేవారిని నమ్మకండి. పెద్దది ఇప్పటికే ఉంటే బ్లోవర్ వేగాన్ని టన్నుకి 400 సీఎఫ్‌ఎం నుంచి 350కి తగ్గించమని అడగొచ్చు. ఏసీ ఎక్కువసేపు నడవని ఏప్రిల్, అక్టోబరు నెలల్లో 60 శాతం దాటుతుంటే సరైన మందు మొత్తం ఇంటికి పెట్టే డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం). రెండువేల చదరపుటడుగుల ఇంటికి రోజుకి 70 పైంట్ల దగ్గర మొదలుపెట్టొచ్చు.

కొత్త ఇళ్ళలో బయటిగాలి కోసం రిటర్న్‌కి ఒక గొట్టం కలుపుతారు. దాని బయటి నోరు డ్రయర్ వెంట్‌కీ, ప్లంబింగ్ వెంట్‌కీ కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. దాని టైమరు ఎంతసేపు పెట్టారో చూడండి. ఏసీ నడవని వేళ ఆ గొట్టం తెరుచుకుంటుంటే తడిగాలిని డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నట్టే. కొత్త ఇంట్లో సున్నపు పొడి వాసన వస్తే, పని జరుగుతుండగానే ఏసీ నడిపారని అనుమానించి కాయిల్ చూపించమని బిల్డర్‌ని వారంటీలో అడగండి.

*క్రాల్ స్పేస్ (అట్లాంటా, షార్లెట్, రాలీ).* నేలకీ ఇంటికీ మధ్య మూడు నాలుగు అడుగుల జాగా, దానికి గోడలో గాలి కన్నాలు. వేసవిలో కన్నాలు తెరిస్తే ఆరుతుందన్న పాత సలహా ఈ రాష్ట్రాల్లో తిరగబడుతుంది. బయటి డ్యూ పాయింట్ 70 పైన ఉన్న గాలి కింద చల్లని డక్టుల మీద, దూలాల మీద నీరై కారుతుంది. పైగా గాలి కింది నుంచి పైకి ఎక్కుతుంది కాబట్టి క్రాల్ స్పేస్‌లో వాసన మీ హాల్లో వాసన అవుతుంది.

పని ఈ వరుసలో జరగాలి. ముందు వాన నీరు ఇంటికి దూరంగా పోయేలా గట్టర్లు, వాలు సరిచేయండి. తర్వాత తడిసి వేలాడుతున్న ఫైబర్‌గ్లాస్ తీసేయండి. నేలమీద కనీసం 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ప్లాస్టిక్, వీలైతే 10 నుంచి 20 మిల్, అడుగు మేర ఒకదానిమీదొకటి వచ్చేలా పరిచి, అతుకులకి టేపు వేసి, గోడలమీదికి ఎక్కించండి. పైన చెద చూడడానికి మూడు అంగుళాల ఖాళీ వదలాలి. డక్టుల అతుకులు మాస్టిక్‌తో మూయండి. అన్నీ అయ్యాకే కన్నాలు మూసి, డీహ్యుమిడిఫయర్ పెట్టండి. కోడ్ లెక్క వెయ్యి చదరపుటడుగులకి రోజుకి 70 పైంట్లు. అక్కడ చిమ్నీతో మామూలుగా మండే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే కన్నాలు మూసే ముందు నిపుణుడు చూడాల్సిందే. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

*బేస్‌మెంట్ (న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయి).* ఇక్కడ శీతాకాలంలో కూడా వాసన వస్తుంది. వెచ్చని గాలి పైకెక్కి పైఅంతస్తు నుంచి పోతుంటే, దాని చోటుకి బేస్‌మెంట్ గాలి ఎక్కుతుంది. పాత ఇళ్ళలో రిటర్న్‌కి ప్రత్యేకంగా గొట్టం ఉండదు, రెండు దూలాల మధ్య కింద రేకు కొట్టి అదే రిటర్న్ అంటారు. దాని ప్రతి అంచూ లీకే. ఆ అంచులన్నీ మాస్టిక్‌తో మూయడం ఒక ఆదివారం పని, ఫలితం వెంటనే తెలుస్తుంది. సంప్ గుంటకి (నేలకింది నీరు చేరే గుంట) రబ్బరు అంచున్న మూత బిగించండి. నేల జాలీలో రెండు మూడు నెలలకోసారి గ్యాలన్ నీళ్ళు పోసి, పైన చెంచాడు వంటనూనె వేయండి, నీరు ఆవిరి కాకుండా నిలుస్తుంది. అదే దారిన రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కూడా వస్తుంది. దానికి వాసన లేదు కాబట్టి పరీక్ష కిట్ పెట్టండి, లీటరు గాలికి 4 పీకోక్యూరీలు వచ్చినా దాటినా మరమ్మతు చేయించమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది.

జూలైలో బేస్‌మెంట్ కిటికీలు తెరవకండి. మన ఊళ్ళో తలుపులు కిటికీలు తెరిస్తే చెమ్మ పోతుంది, అక్కడ గోడలూ వెచ్చగానే ఉంటాయి కాబట్టి. ఇక్కడ 65 డిగ్రీల కాంక్రీటు మీద బయటి తడిగాలి పడితే నేలే చెమరుస్తుంది. మూసి, డీహ్యుమిడిఫయర్ 50 శాతానికి పెట్టండి. బియ్యం బస్తాలు, అట్టపెట్టెలు నేలమీద కాకుండా అరలో పెట్టండి. బట్టలు అక్కడ ఆరేయకండి, ఒక్క విడత బట్టల్లోనే లీటరుకి పైగా నీరుంటుంది.

*నేల కింది డక్టులు.* 1950 నుంచి 70ల దాకా కట్టిన కొన్ని ఇళ్ళలో డక్టులు కాంక్రీటు పలక కిందే ఉంటాయి. నేలలో ఉన్న జాలీ తీసి ఫోన్ కెమెరా దించి చూడండి. నీరు, తుప్పు, బురద కనిపిస్తే శుభ్రం చేయడం దండగ. వాటిని మూసేసి అటిక్‌లోంచి కొత్త డక్టులు వేయడమే దారి. బూడిదరంగు సిమెంటు గొట్టంలా కనిపిస్తే అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. కోయకండి, గీకకండి.

*ఎడారి (ఫీనిక్స్).* ఇక్కడ తేమ బాధ తక్కువ, ఎండిన ట్రాప్‌లు, దుమ్మే బాధ. నీటి కూలర్ ఉన్న ఇళ్ళలో నీచు వాసన వస్తే ప్యాడ్లు మార్చి, తొట్టి కడగండి.

వంటింటి వాసన

తాలింపు, వేపుడు, చేపల పులుసు వాసన డక్టుల్లో నిలిచిపోయిందని చాలామంది అంటారు. నిజానికి నూనె ఆవిరి ఫిల్టర్ మీద, కాయిల్ మీద పొరగా పట్టి, దానికి దుమ్ము అతుక్కుని, తడిసినప్పుడల్లా కమురు వాసన వదులుతుంది. మైక్రోవేవ్ కింద ఉండే చాలా ఫ్యాన్‌లు గాలిని బయటికి పంపవు, వడకట్టి మీ మొహానికే ఊదుతాయి. బయటికి గొట్టమున్న హుడ్ (పొయ్యి పైన పొగ లాగే ఫ్యాన్) పెట్టించడానికి ఖర్చుపెట్టండి, అది డక్టు క్లీనింగు కన్నా ఎంతో మేలు. తాలింపుకి ఐదు నిమిషాల ముందే వేసి, వెనక బర్నర్ల మీద వండి, అయ్యాక పావుగంట నడపండి. ఆ కాసేపు థర్మోస్టాట్ ఫ్యాన్ ఆపితే రిటర్న్ ఆ గాలిని ఇల్లంతా పంచదు.

400 సీఎఫ్‌ఎం దాటిన హుడ్‌కి, చిమ్నీతో మండే పరికరాలున్న ఇంట్లో, బయటిగాలి వచ్చే దారి ఉండాలని కోడ్ చెబుతుంది. లేకపోతే బిగుతుగా కట్టిన కొత్త ఇంట్లో అది గ్యారేజీ నుంచి, చిమ్నీ నుంచి, ఎండిన ట్రాప్‌ల నుంచి గాలి లాగుతుంది. దారి పెట్టించేదాకా హుడ్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ రెండు అంగుళాలు తెరవండి.

అంగుళం మందం ఫిల్టర్లో మెర్వ్ 13 (మెర్వ్ అంటే వడపోత శక్తికి అంకె) పెడితే చాలా పాత సిస్టమ్‌లకి ఊపిరాడదు, సందుల్లోంచి లాగుడు పెరుగుతుంది. అంగుళం ఫిల్టర్‌కి మెర్వ్ 8 చాలు, ఇంకా మంచి వడపోత కావాలంటే నాలుగంగుళాల పెట్టె పెట్టించండి. మెర్వ్ అంకె దుమ్ముకి సంబంధించింది, వాసనకి కాదు. వాసన పట్టేది యాక్టివేటెడ్ కార్బన్, అది కూడా తగినంత బరువుంటేనే.

డక్టు క్లీనింగు ఎప్పుడు

డక్టుల లోపల బూజు కంటికి కనిపిస్తే, ఎలుకలో పురుగులో చేరితే, దుమ్ము వెంట్‌లోంచి రాలుతుంటే చేయించండి. ఈపీఏ మాట కూడా ఇంచుమించు ఇదే. ఒక్కో సిస్టమ్‌కి సాధారణంగా 450 నుంచి 1000 డాలర్లు అవుతుందని ఆ సంస్థే చెబుతోంది కాబట్టి 99 డాలర్ల కూపన్ ఇచ్చేవారు ఇంటికొచ్చాక మిగతాది ఎలా రాబడతారో ఊహించుకోండి. ఫైబర్‌గ్లాస్ పూత లేదా ఇన్సులేషన్ తడిసి బూజుపడితే శుభ్రం కాదు, ఆ ముక్క మార్చాలి. దానిమీద క్రిమిసంహారక మందు కొట్టనివ్వకండి. ఓజోన్ యంత్రం ముక్కుని మొద్దుబారుస్తుంది, ఊపిరితిత్తుల్ని బాధపెడుతుంది, నీరు నిలిచిన చోటు అలాగే ఉంటుంది.

ఇండియా ప్రయాణానికి ముందు

వేసవిలో ఐదారు వారాలు ఇల్లు మూసి వెళ్ళేటప్పుడు ఏసీ పూర్తిగా ఆపేయడం తడి రాష్ట్రాల్లో పెద్ద పొరపాటు. తిరిగొచ్చేసరికి చెప్పుల మీద, సూట్‌కేసుల మీద బూజు ఉంటుంది. థర్మోస్టాట్ 80 నుంచి 82కి, ఫ్యాన్ ఆటోలో పెట్టండి. డీహ్యుమిడిఫయర్ ఉంటే 50 నుంచి 55 శాతానికి పెట్టి, దాని గొట్టం తొట్టిలోకి కాకుండా నేరుగా డ్రెయిన్‌లోకి వదలండి, తొట్టి నిండితే అది ఆగిపోతుంది. కండెన్సేట్ గొట్టం (ఏసీ నీరు పోయేది) కడిగి, అటిక్ పాన్‌లో ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే ఏసీని ఆపేది) పైకెత్తితే ఏసీ ఆగుతోందో లేదో చూడండి. గది తలుపులన్నీ తెరిచి ఉంచండి. ప్రతి సింకులో, షవర్‌లో, నేల జాలీలో నీళ్ళు పోసి, వాడనివాటి మీద చెంచాడు నూనె వేయండి. పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వారానికోసారి తేమ మీటరు ఫోటో పంపమనండి. 60 దాటితే థర్మోస్టాట్ రెండు డిగ్రీలు తగ్గించమని వాళ్ళకి ముందే చెప్పి వెళ్ళండి.